రాయి నొప్పికి ఏ ఇంజెక్షన్?

"కిడ్నీలో రాళ్లున్నాయి. పడిపోతాయి, మళ్లీ వస్తాయి. నొప్పి వచ్చినప్పుడల్లా ఇంజెక్షన్ చేయించుకుంటే అలవాటైపోతుందా?" అని ఒక పాఠకుడు అడిగారు. అది ఏ ఇంజెక్షన్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ నొప్పికి వాడే మందులు రెండు వేర్వేరు జాతులవి. ఒకటి నొప్పి పుట్టే చోట పనిచేస్తుంది, రెండోది నొప్పి తెలిసే చోట. అలవాటు చేసేది రెండోదే.

రాయి గీసుకుపోవడం వల్లే నొప్పి అనుకుంటారు చాలామంది. అసలు బాధ ఒత్తిడిది. కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే మూత్రనాళం 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవుంటుంది, లోపలి వెడల్పు 3, 4 మిల్లీమీటర్లే. పదో తరగతి విసర్జన పాఠంలో దాన్ని ఉత్త గొట్టంలా గీసి వదిలేస్తాం. అది కండరమని, అలలుఅలలుగా ముడుచుకుంటూ మూత్రాన్ని కిందికి నెడుతుందని పిల్లలకి గట్టిగా చెప్పం. చెబితే, ఈ నొప్పి ఎందుకు తెరలుతెరలుగా వస్తుందో సగం అక్కడే తెలిసిపోతుంది.

పొలంలో మోటారు ఆడుతుండగా పైపులో ఎక్కడో రాయి అడ్డం పడిందనుకోండి. రైతు పరిగెత్తుకెళ్లి మోటారు కట్టేస్తాడు. కిడ్నీ అలా చెయ్యదు. మొదటి గంటా రెండు గంటలు మోటారు వేగం ఇంకా పెంచుతుంది! దారి మూసుకుపోయి కిడ్నీలో మూత్రం చేరే తిత్తి సాగగానే, అక్కడి కణాలు ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల్ని వదులుతాయి. అవి కిడ్నీకి రక్తం తెచ్చే సన్నటి ధమనుల్ని వెడల్పు చేస్తాయి. రక్తం ఎక్కువ వస్తుంది, వడపోత పెరుగుతుంది, కొత్త మూత్రం తయారవుతుంది. దానికీ దారి లేదు. తిత్తి మరింత సాగుతుంది, మరిన్ని ప్రోస్టాగ్లాండిన్లు ఊరుతాయి. ఇవే నొప్పి నరాల కొసల్ని సున్నితం చేస్తాయి, రాయి చుట్టూ కండరం బిగుసుకుపోయేలా చేస్తాయి. మోటారు జోరు, పైపు బిగుసుకోవడం, ఇంట్లో మోగే గంట (అంటే మనకి తెలిసే నొప్పి), మూడూ ఒకే రసాయనం చేతిలో ఉన్నాయి. శరీరధర్మశాస్త్రంలో నన్ను ఇంతగా ఆశ్చర్యపరిచిన విషయాలు కొన్నే.

మొదటి జాతివైన డైక్లోఫెనాక్, కీటోరొలాక్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్లని తయారుచేసే సైక్లోఆక్సిజనేజ్ ఎంజైమును అడ్డుకుంటాయి. అంటే మోటారు నెమ్మదిస్తుంది, పైపు సడలుతుంది, లోపలి ఒత్తిడి దిగుతుంది. రెండో జాతివైన ట్రమడాల్, పెథిడిన్, మార్ఫిన్ మోటారు జోలికే పోవు. వెన్నుపాములో, మెదడులో గ్రాహకాల (మందు అతుక్కునే చోట్ల) మీద పనిచేసి గంట తీగ తెంపుతాయి. పైపులో ఒత్తిడి ఎక్కడిదక్కడే ఉంటుంది.

మనవాళ్లు ఎంతోమంది బతుకుతెరువుకు వెళ్లిన దోహాలో, హమద్ జనరల్ హాస్పిటల్ ఎమర్జెన్సీకి రాయి నొప్పితో వచ్చిన 1,645 మంది మీద దీన్ని పరీక్షించారు. 2016లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. అరగంటలో నొప్పి సగానికి తగ్గినవాళ్లు డైక్లోఫెనాక్‌తో 68 శాతం, నరానికి ఎక్కించిన పారాసిటమాల్‌తో 66 శాతం, మార్ఫిన్‌తో 61 శాతం. నొప్పి మందుల్లో రారాజు అనుకునే మార్ఫిన్‌కి చివరి స్థానం దక్కింది.

ట్రమడాల్‌ని మన దేశంలో 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. అంతకుముందు మెడికల్ షాపుల్లో తేలిగ్గా దొరికేది. రోజూ వేసుకుంటే గ్రాహకాలు మొద్దుబారతాయి, నిన్నటి మోతాదు ఇవాళ చాలదు. అసలు ప్రమాదం మానేసినప్పుడు వస్తుంది. ఒళ్లంతా నొప్పులు, కడుపులో మెలిపెట్టడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం. స్కానింగ్ రిపోర్టులో "4 మిల్లీమీటర్ల రాయి" అని చదువుకున్న మనిషి అది రాయి నొప్పే అనుకుని ఇంకో మాత్ర వేసుకుంటాడు. నిజానికి దారికి అడ్డం పడకుండా కిడ్నీ మూలన ఊరికే కూర్చున్న రాయి సాధారణంగా నొప్పి పెట్టదు. ఇప్పటికే అలవాటైనవాళ్లు ఒక్కసారిగా ఆపకండి. డాక్టరుతో చెప్పి మోతాదు మెల్లగా తగ్గించుకోవాలి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

డైక్లోఫెనాక్ అయినా నొప్పి వచ్చినప్పుడు వాడాల్సిందే తప్ప, రాకుండా రోజూ మింగేది కాదు. ఎండలో పనిచేసి ఒంట్లో నీరు ఇంకిపోయినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసేది కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అప్పుడు వాటిని ఆపితే కిడ్నీకే దెబ్బ. ఉద్దానం ప్రాంతంలోలాగా కిడ్నీ పనితీరు ముందే తగ్గినవాళ్లు, కడుపులో పుండు, గుండెజబ్బు ఉన్నవాళ్లు దాన్ని దూరం పెట్టి, పారాసిటమాల్ గురించి అడగాలి. నొప్పితో పాటు చలిజ్వరం వస్తే, మూత్రం ఆగిపోతే, ఉన్నదే ఒక్క కిడ్నీ అయితే మందులతో కాలయాపన చెయ్యకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నొప్పి మధ్యలో బిందెడు నీళ్లు తాగిస్తే రాయి కొట్టుకుపోతుందని బలవంతంగా తాగిస్తారు. కొందరు బీరు పోస్తారు, కొందరు సెలైన్ సీసాలు వరసగా ఎక్కించమంటారు. వాంతులతో నీరు పోయినవాళ్లకి సెలైన్ కావాలి. మిగతావాళ్లకి అది ఆడుతున్న మోటారుకి ఇంకాస్త నీరందించడమే. కొండపిండి ఆకు కషాయానికి, ఉలవకట్టుకి వచ్చిన పేరు కూడా చాలావరకు రాయిదే. 5 మిల్లీమీటర్లలోపు రాళ్లలో మూడింట రెండొంతులు వాటంతటవే పడిపోతాయి, ఆ రోజు ఏం తాగితే దానికి పేరొస్తుంది.

నీళ్లు తాగాల్సింది నొప్పి లేని రోజుల్లో. ఇటలీలో మొదటిసారి రాయి పడిన 199 మందిని అయిదేళ్లు గమనించి 1996లో ఫలితాలు ప్రకటించారు. రోజుకి రెండు లీటర్లకి తగ్గకుండా మూత్రం వచ్చేలా నీళ్లు తాగినవాళ్లలో 12 శాతానికి రాళ్లు తిరిగొచ్చాయి, మిగతావాళ్లలో 27 శాతానికి. రెండు లీటర్లన్నది తాగిన లెక్క కాదు, పోసిన లెక్క. మన ఎండల్లో దానికి మూడు, నాలుగు లీటర్లు తాగాల్సి రావచ్చు. ఉప్పు, మాంసం తగ్గించాలి. పాలు, పెరుగు మానకూడదు. చాలా రాళ్లలో ఉండే ఆక్సలేట్ అనే పదార్థాన్ని తిండిలోని కాల్షియం పేగులోనే పట్టేస్తుంది, మానేస్తే ఆ ఆక్సలేట్ కిడ్నీకి చేరుతుంది.

రాయి పడే రోజుల్లో మూత్రాన్ని టీ వడగట్టే జల్లెడలాంటి దాంట్లో పట్టండి, దొరికిన రాయిని ల్యాబ్‌కి ఇవ్వండి. అది యూరిక్ యాసిడ్ రాయని తేలితే, పొటాషియం సిట్రేట్‌తో మూత్రం పీహెచ్‌ని (ఆమ్లగుణం కొలతని) 6.5 దగ్గర నిలిపి, లోపల మిగిలిన రాళ్లని ఆపరేషన్ లేకుండానే కరిగించవచ్చు.