తుంగ గడ్డి కాదు: అపోహలు - వాస్తవాలు

గుంటూరు చుట్టుపక్కల మిరప రైతులకు కలుపు నివారణపై సలహాలిచ్చే పనిలో ఉన్న నాకు, తుంగ గురించి వినిపించినన్ని పొరపాటు మాటలు మరే మొక్క గురించీ వినిపించలేదు.

అపోహ: తుంగ ఒక రకం గడ్డి.

వాస్తవం: తుంగగడ్డి అని అందరం పిలుస్తాం గానీ, సైపరస్ రోటండస్ అనే శాస్త్రీయ నామం గల ఈ మొక్క గడ్డి కుటుంబానికి కాదు, సైపరేసీ అనే వేరే కుటుంబానికి చెందినది. దాని పూకాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లిస్తే మూడు అంచులు స్పష్టంగా తగులుతాయి. గడ్డి కాడ గుండ్రంగా, కణుపులతో ఉంటుంది. ఈ తేడా తెలియక నష్టపోయేది రైతే, ఎందుకంటే గడ్డి జాతి కలుపును చంపే క్విజాలోఫాప్ వంటి మందులు తుంగపై పనిచేయవు. ఊద అనే గడ్డి ఎండిపోయి తుంగ మాత్రం పచ్చగా నిలిచిన చేలో, మందు నకిలీదని నమ్మి దుకాణదారుతో గొడవకు దిగిన రైతులకు నేను ఈ కాడనే చేతికిచ్చి చూపించాను.

అపోహ: దున్నితే తుంగ పోతుంది.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. గునపంతో జానెడు లోతు తవ్వి, రేగడి బెడ్డను చేత్తో చిదిపితే, సన్నని తీగకు గుచ్చిన పూసల్లా నల్లని దుంపలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో గిల్లితే తెల్లని గుజ్జు, దానితో పాటు తుంగముస్తలనే ఈ దుంపలకు ఆయుర్వేదంలో పేరు తెచ్చిన సువాసన బయటపడతాయి. గొలుసు తెగనంత కాలం చివరి దుంప మొలక మిగిలిన దుంపలను అణచి ఉంచుతుంది. రోటవేటర్ ఆ గొలుసును ముక్కలు చేయగానే, తడి తగిలిన దుంపలన్నీ విడివిడిగా మొలకెత్తుతాయి. దుంపల్లో అధిక భాగం పై 15 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి కనుక, ఎండాకాలంలో దున్ని, తడి ఇవ్వకుండా, అవి పైకి తేలి ఎండిపోయేలా వదిలితేనే దుక్కి ఫలిస్తుంది.

అపోహ: తుంగ నీటి మొక్క.

వాస్తవం: ఎండ ధారాళంగా పడే, తరచూ కదిలించిన నేల దీనికి ఇష్టమైన చోటు, చేల గట్లు, కాలువ గట్లు, రోడ్డు వారలు అలాంటివే. నీడలో ఇది నీరసిస్తుంది, నిలిచిన నీటిలో అణగిపోతుంది. చాపలు అల్లే పొడవాటి తుంగ ఇదే ప్రజాతిలో మరో జాతి. వరి మడిలో కనిపించే సైపరస్ ఇరియా, సైపరస్ డిఫార్మిస్ కూడా వేరే; అవి విత్తనంతో వచ్చి ఏడాదిలోపే బతుకు ముగించే ఏకవార్షికాలు కాబట్టి, గింజ రాలకముందే వేళ్లతో సహా పీకితే ఆ మొక్కల పని అయిపోతుంది. మిరప చేలో తుంగను అలాగే పీకితే, కాడ చేతికి వస్తుంది, దుంప నేలలోనే ఉంటుంది.