అమెరికా బడుల్లో స్పెషల్ ఎడ్: మనవాళ్ళలో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

టెక్సస్‌లో ఒక పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. పిల్లవాడికి మాటలు రావడం ఆలస్యమైందనో, చదువులో ఏదో తేడాగా ఉందనో అనుమానం రాగానే మనవాళ్ళు ముందు అడిగేది బడిని కాదు, వాట్సాప్ గ్రూపుని. అక్కడ దొరికే సమాధానాల్లో కొన్ని ఇండియాలో బడుల్ని బట్టి ఊహించుకున్నవి, కొన్ని న్యూజెర్సీలో ఉన్న తోడికోడలి అనుభవాలు. స్పెషల్ ఎడ్ అంటే స్పెషల్ ఎడ్యుకేషన్, వైకల్యం ఉన్న పిల్లలకి బడి ఇచ్చే ప్రత్యేక బోధన, సేవలు. దాని మూలచట్టం దేశమంతా ఒకటే. 1975లో వచ్చింది, ఇప్పుడు ఐడియా (IDEA) అంటున్నాం. మూడేళ్ళ వయసు నుంచి పిల్లలకి వర్తిస్తుంది, పైసా ఖర్చుండదు. గడువులు మాత్రం రాష్ట్రానికో తీరు. నేను చెప్పేవి టెక్సస్ గడువులు.

అపోహ: టీచరుతో చెప్పేశాం, స్పెషల్ ఎడ్ అవసరమా అని చూసే టెస్టింగ్ (ఇవాల్యుయేషన్) ఇక వాళ్ళే చేస్తారు.

వాస్తవం: "పేరెంట్-టీచర్ కాన్ఫరెన్స్‌లో చెప్పామండీ, చూస్తామన్నారు" అని ఆర్నెల్లు ఎదురుచూసిన వాళ్ళు ఎంతోమంది ఉన్నారు. నోటిమాటకి గడువు లేదు, రాసిచ్చినదానికి ఉంది. ప్రిన్సిపాల్‌కీ, డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్ డైరెక్టర్‌కీ కలిపి ఒక ఈమెయిల్ పెట్టండి. పిల్లవాడి పేరు, గ్రేడు, మీరు గమనించిన రెండు మూడు ఇబ్బందులు, "స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం పూర్తి ఇవాల్యుయేషన్ చేయమని కోరుతున్నాం" అన్న వాక్యం ఉంటే చాలు. అది అందిన 15 స్కూలు రోజుల్లోపు వాళ్ళు మీకు అనుమతి పత్రమైనా ఇవ్వాలి, ఎందుకు చేయబోమో కారణాలతో రాసైనా ఇవ్వాలి. మీరు సంతకం పెట్టాక 45 స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి. రిపోర్టు పూర్తయ్యాక 30 రోజుల్లోపు ఆర్డ్ మీటింగ్ జరగాలి, అర్హత ఉందో లేదో తేల్చేది అక్కడే. ఐఈపీ అంటే ఆ పిల్లవాడి కోసమే రాసే ప్రత్యేక బోధన ప్లాను. మిగతా రాష్ట్రాల్లో ఐఈపీ మీటింగ్ అనేదాన్నే మేం ఇక్కడ ఆర్డ్ అంటాం.

స్కూలు రోజులంటే సెలవులు లెక్కలోకి రావు. అందుకే ఏప్రిల్ నెలాఖరులో సంతకం పెడితే రిపోర్టు ఆగస్టు దాటాకే వస్తుంది. అడగాలనుకుంటే సంక్రాంతి లోపే అడగండి.

"ముందు కొన్నాళ్ళు అదనంగా చదువు చెప్పే చిన్న గ్రూపులో కూర్చోబెట్టి చూస్తాం, ఆ తర్వాత టెస్టింగ్ సంగతి ఆలోచిద్దాం" అనే మాట కూడా వినబడుతుంది. గ్రూపులో కూర్చోబెట్టడం మంచిదే, కానీ దాన్ని సాకుగా చూపి టెస్టింగ్‌ని వాయిదా వేయకూడదని ఫెడరల్ విద్యాశాఖ 2011లోనే స్పష్టం చేసింది. టెక్సస్‌లో ఈ సాగదీతకి ఒక చరిత్ర ఉంది. 2004 నుంచి ఇక్కడ స్పెషల్ ఎడ్‌లో ఉండే పిల్లలు 8.5 శాతం దాటకూడదన్నట్టు ఒక లెక్క నడిచింది. అసెంబ్లీ 2017లో దాన్ని నిషేధించింది, అది చట్టవిరుద్ధమని 2018లో ఫెడరల్ ప్రభుత్వం తేల్చింది. లెక్క పోయింది గానీ ఆ అలవాటు కొన్నిచోట్ల పూర్తిగా పోలేదనే నేను అనుకుంటాను.

అపోహ: డాక్టరు ఆటిజం అని రాసిచ్చారు కాబట్టి ఐఈపీ వచ్చి తీరుతుంది.

వాస్తవం: వచ్చి తీరాలని లేదు. బడి రెండు విషయాలు చూస్తుంది: చట్టంలోని 13 వర్గాల్లో ఏదో ఒకదాని కిందికి పిల్లవాడు వస్తాడా, దానివల్ల వాడికి ప్రత్యేకంగా బోధించాల్సిన అవసరం ఉందా. రెండోది లేకపోతే 504 ప్లాన్ అనేది ఇవ్వొచ్చు. అందులో పరీక్షకి ఎక్కువ టైము, ముందు వరుసలో సీటు లాంటి సౌకర్యాలుంటాయి. అలాగని డాక్టరు ఉత్తరం లేకపోతే టెస్టింగ్ అడగకూడదనీ కాదు. హైదరాబాద్ థెరపీ సెంటర్లో ఇచ్చిన పాత రిపోర్టులుంటే పారేయకండి, పట్టుకెళ్ళండి. తల్లిదండ్రులు ఇచ్చిన సమాచారాన్ని టీము పరిశీలించాల్సిందే.

అపోహ: మార్కులు బాగా వస్తున్నాయి, కాబట్టి అర్హత ఉండదు.

వాస్తవం: పై క్లాసుకి పాసవుతున్నాడన్న ఒక్క కారణంతో కాదనకూడదని నిబంధనల్లోనే ఉంది. మన ఇళ్ళలో అమ్మ రాత్రి పదింటిదాకా పక్కన కూర్చుని చదివిస్తే వచ్చిన మార్కులవి. ఆ సంగతి కూడా రాసివ్వండి.

అపోహ: ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడితే మాట త్వరగా వస్తుంది.

వాస్తవం: నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు, ఆటిజం ఉన్న పిల్లలకైనా సరే. తెలుగు ఆపేస్తే జరిగేదల్లా అమ్మమ్మా తాతయ్యలతో వాడికి మాటలు తెగిపోవడం. తల్లిదండ్రులేమో తమకి అంతగా అలవాటులేని ఇంగ్లీషులో పొడిపొడిగా మాట్లాడతారు, పిల్లవాడి చెవిన పడే భాష మరీ పలచబడుతుంది.

ఇవాల్యుయేషన్‌లో ఈ భాష సంగతి ఇంకా ముఖ్యం. వీలున్నంతవరకు పిల్లవాడి ఇంటిభాషలోనే పరీక్షించాలని చట్టం చెబుతుంది, ఇంగ్లీషు రాకపోవడాన్నే వైకల్యంగా లెక్కకట్టకూడదనీ చెబుతుంది. ఇంగ్లీషులో 'వ'కి రెండు ధ్వనులున్నాయి: ఒకటి పళ్ళు పెదవికి ఆనించి పలికేది, ఇంకొకటి పెదవులు గుండ్రంగా చుట్టి పలికేది. మనకి ఒకటే. బనియన్‌లాంటి 'వెస్ట్'నీ, పడమర 'వెస్ట్'నీ తెలుగు పిల్లవాడు ఒకేలా పలికితే తెలుగు తెలియని థెరపిస్టు దోషమని టిక్ పెట్టేసే వీలుంది. వాక్యంలో 'ద' (the) వదిలేయడమూ అంతే, తెలుగులో ఆ పదానికి చోటే లేదు. అదే పిల్లవాడు తెలుగులో కూడా క్రియాపదాలు కలపలేకపోతుంటే, మూడు ముక్కలున్న మాట చెబితే అందుకోలేకపోతుంటే అప్పుడు మాకు నిజమైన ఆధారం దొరుకుతుంది. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది కాబట్టి ఇంటి భాష గురించి ఇచ్చే ఫారం మీద "ఇంగ్లీష్ ఓన్లీ" అని రాసేయకండి.

అపోహ: స్పెషల్ ఎడ్ అంటే వేరే గది, వేరే పిల్లలు, ఇక బయటికి రారు.

వాస్తవం: వీలున్నంతవరకు మామూలు క్లాసులోనే ఉంచాలన్నది చట్టం. నా దగ్గరికి వచ్చే చాలామంది పిల్లలు వారంలో అరగంట వచ్చి మిగతా సమయమంతా తమ క్లాసులోనే ఉంటారు. ఏటా ఆర్డ్ మీటింగ్‌లో ఐఈపీని తిరగేస్తారు, కనీసం మూడేళ్ళకోసారి మళ్ళీ ఇవాల్యుయేషన్ అవసరమా అని చూస్తారు. వద్దనుకుంటే ఏ రోజైనా రాసిచ్చి సేవలు మొత్తం ఆపించుకోవచ్చు. ఐఈపీ కాలేజీకి వెంట రాదు. అక్కడ సాయం కావాలంటే పిల్లవాడే వెళ్ళి అడగాలి.

అపోహ: గ్రీన్ కార్డుకి అడ్డం వస్తుంది.

వాస్తవం: బడి చదువుకి వీసాతో సంబంధం లేదని సుప్రీంకోర్టు 1982లోనే తీర్పిచ్చింది, ఆ కేసు పుట్టింది ఈ టెక్సస్‌లోని టైలర్‌లోనే. స్పెషల్ ఎడ్ ఆ చదువులో భాగమే, చేతికిచ్చే నగదు సాయం కాదు. ఈ భయానికి కెనడా వైపు నుంచి వచ్చిన కబుర్లూ ఒక కారణం అనుకుంటాను. అక్కడ వలస దరఖాస్తులో స్పెషల్ ఎడ్ ఖర్చుని లెక్కేసేవారు, 2018లో తీసేశారు.

అపోహ: మీటింగ్‌లో పెద్దవాళ్ళు అంతమంది కూర్చుని చెబుతున్నప్పుడు సంతకం పెట్టి రావడమే మర్యాద.

వాస్తవం: ఆ బల్ల చుట్టూ ఉన్న టీములో మీరూ సభ్యులే, అతిథులు కారు. ఇంగ్లీషులో ఇబ్బంది ఉంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఏర్పాటు చేయమని ముందే అడగండి, ఖర్చు బడిదే. ఐఈపీ డ్రాఫ్టు కూడా ముందే పంపమనండి. అందులో నేనైతే మొదట చూసేది సేవల పేజీ. "తొమ్మిది వారాలకి 8 సార్లు, 30 నిమిషాలు, డైరెక్ట్" అని ఉంటే థెరపిస్టు పిల్లవాడితో కూర్చుంటారు. "కన్సల్ట్" అని ఉంటే టీచరుతో మాట్లాడతారంతే, పిల్లవాడు థెరపిస్టు ముఖం కూడా చూడకపోవచ్చు. ఆ తర్వాత గోల్స్. "మాటతీరు మెరుగవుతుంది" అనేది గోల్ కాదు. "బొమ్మ చూపిస్తే నాలుగు పదాల వాక్యం, 5 ప్రయత్నాల్లో 4 సార్లు" అనేది గోల్, దాన్ని లెక్కపెట్టొచ్చు. నామమాత్రపు ప్రగతి చాలదని, పిల్లవాడి పరిస్థితికి తగిన ప్రగతి ఉండేలా ప్లాన్ చేయాలని 2017లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది.

ఒప్పుకోలేకపోతే "మేం అంగీకరించడం లేదు, రీసెస్ కావాలి" అనండి. పది స్కూలు రోజుల్లోపు మళ్ళీ కూర్చుంటారు. బడి చేసిన ఇవాల్యుయేషనే తప్పనిపిస్తే బడి ఖర్చుతో బయటి నిపుణులతో చేయించమని అడగొచ్చు. వాళ్ళు ఒప్పుకోవాలి, లేదా తమ ఇవాల్యుయేషన్ సరైనదేనని విచారణాధికారి ముందు నిరూపించుకోవాలి.

ఆటిజం కింద అర్హత వచ్చిన పిల్లలకి టెక్సస్‌లో ఇంకో పేజీ ఉంటుంది, ఆటిజం సప్లిమెంట్ అని. అందులో 11 అంశాలు. ఇంటికొచ్చి ఇచ్చే శిక్షణ, తల్లిదండ్రులకి ఇచ్చే శిక్షణ కూడా వాటిలో ఉన్నాయి. మీటింగ్ చివర్లో, అందరూ గడియారం చూసుకునే వేళ, ఆ పేజీ వస్తుంది. "అవసరం లేదు" అని గడి నింపితే ఎందుకు లేదో కూడా రాయాలి. ఒక్కో అంశం పైకి చదవమని అడగండి.