పక్క బడికి 82, మన బడికి 67: అపోహలు - వాస్తవాలు

ప్రభుత్వ బడుల నమోదు లెక్కలు, పరీక్ష ఫలితాలు చూడటమే నా పని. ఒక ప్రాంతంలోని బడులన్నీ ఫలితాల వరసలో ఉన్న జాబితా పట్టుకుని తల్లిదండ్రులు వస్తారు. పిల్లల్ని ఎక్కడ చేర్చాలో దాన్ని చూసే తేల్చేసుకుంటున్నారే అని నాకు బాధేస్తుంది.

అపోహ: పాస్ శాతం ఎక్కువ వచ్చిన బడిలోనే చదువు బాగుంటుంది.

రెండు బడులు అనుకోండి, ఒక్కోదానిలో 100 మంది. మొదటి బడిలో 82 మంది పాస్, రెండో బడిలో 67. ఇప్పుడు ఆ పిల్లలెవరో చూద్దాం. మొదటి బడిలో 80 మంది చదువుకున్న ఇళ్ల పిల్లలు, వాళ్లలో 72 మంది పాసయ్యారు. మిగతా 20 మంది తమ ఇంట్లో మొదటిసారి బడి గడప తొక్కినవాళ్లు, 10 మంది పాసయ్యారు. రెండో బడిలో చదువుకున్న ఇళ్ల పిల్లలు 20 మందే, 19 పాస్. మొదటి తరం పిల్లలు 80 మంది, 48 పాస్.

అంటే చదువుకున్న ఇళ్ల పిల్లల్లో మొదటి బడికి 90 శాతం, రెండో బడికి 95. మొదటి తరం పిల్లల్లో మొదటి బడికి 50, రెండో బడికి 60. ఎవరి పిల్లల్ని తీసుకున్నా రెండో బడే మెరుగు, అయినా జాబితాలో కిందే ఉంది! గణాంక శాస్త్రంలో దీన్ని సింప్సన్ వైరుధ్యం అంటారు. మార్కుల మీద ఇంటి పరిస్థితుల ప్రభావం ఎంత బలంగా ఉంటుందో అమెరికాలో 1966లోనే కోల్‌మన్ నివేదిక చూపించింది. ఇంగ్లండులో 2016 నుంచి వాడిన ప్రోగ్రెస్ 8 అనే కొలత కూడా, పిల్లలు ప్రాథమిక బడి ముగించేనాటికి ఎక్కడున్నారు, 16 ఏళ్లకు ఎంత ముందుకెళ్లారు అనే చూసింది.

అపోహ: నూటికి నూరు వచ్చిందంటే ఇంక అడగాల్సింది లేదు.

ఎంతమందిలో అని అడగాలి. 40 మంది చేరి, 30 మందే పరీక్ష రాసి, ఆ 30 మందీ పాసైతే 100 శాతం అని రాసుకోవచ్చు. చేరినవాళ్లతో లెక్కేస్తే 75. ఆ పదిమంది సంగతి జాబితాలో ఎక్కడా ఉండదు.

అపోహ: పోయినేడాది కంటే ఫలితం పడిపోయింది, బడి పాడైంది.

12 మంది రాసే బడిలో ఒక్కరు తప్పితే 8 శాతం పోతుంది. అదే 120 మంది రాస్తే ఒక శాతం కూడా పోదు. చిన్న బడికి కనీసం మూడేళ్ల ఫలితాలు కలిపి చూడాలి.

అపోహ: పిల్లలు తగ్గారంటే బడి మీద నమ్మకం పోయినట్టే.

ఏ తరగతిలో తగ్గారు? ఒకటో తరగతిలోనే అయితే ఆ ప్రాంతంలో పుట్టినవాళ్లే తక్కువ కావచ్చు, దగ్గర్లో కొత్త బడి తెరిచి ఉండొచ్చు. నాకు టెన్షన్ పెట్టేది మధ్య తరగతుల్లో తగ్గడం. పోయినేడాది ఏడో తరగతి అంకె పక్కన ఈ ఏడాది ఎనిమిదో తరగతి అంకె పెట్టి చూడండి. 40 మంది 31 అయ్యారనుకోండి, ఆ తొమ్మిది మందిలో ఎంతమంది టీసీ తీసుకున్నారో హెడ్మాస్టర్‌ని అడగండి. టీసీ కూడా తీసుకోకుండా మానేసినవాళ్లుంటే, వాళ్ల ఇంటికి ఎవరు వెళ్లారో, ఎప్పుడు వెళ్లారో కూడా అడగండి.