రోబో ‘వచ్చాడా’, ‘వచ్చిందా’?

‘మర్డర్‌బాట్’ సిరీస్ రెండో సీజన్ మాట రాగానే, రోబో ఆడా మగా అన్న పాత గొడవ మళ్లీ లేచింది. దీనికి మూలమైన మార్తా వెల్స్ నవలల్లో మర్డర్‌బాట్ అనే ఆ సెక్యూరిటీ యంత్రం ఆడా కాదు, మగా కాదు. చుట్టూ ఉన్న మనుషులు దాన్ని ‘అది’ అనే అంటారు. 2025 మేలో సిరీస్ వచ్చేసరికి ఆ పాత్రలో అలెగ్జాండర్ స్కార్స్‌గార్డ్ ఉన్నాడు. అంత పొడుగు మగమనిషిని చూపించి ‘అది’ అనమంటే నోరెలా వస్తుందని కొందరి బాధ. లింగం లేని పాత్రకీ మగ ఒళ్లే గుర్తొచ్చిందా అని మిగతావాళ్ల కోపం.

పాత జర్మన్ మూకీ సినిమా ‘మెట్రోపొలిస్’లోని ఇనప మరియా నుంచి మన చిట్టి దాకా జాబితా అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. అసలు ముడి 1920లో పడింది, చెక్ రచయిత కారెల్ చాపెక్ ‘ఆర్.యు.ఆర్.’ నాటకంలో. రోబో అనే మాట అక్కడ పుట్టిందని ఎవరినడిగినా చెబుతారు. అందులోని ఒక చిన్న సంభాషణే ఎవరికీ పట్టదు.

రోబోల ఫ్యాక్టరీ చూడ్డానికి హెలెనా అనే అమ్మాయి వస్తుంది. డైరెక్టర్ డోమిన్ దగ్గర టైపు కొట్టే సుల్లా రోబో అంటే ఎంతకీ నమ్మదు. కావాలంటే కోయించి చూపిస్తానంటాడాయన, కాఫీ తెప్పిస్తానన్నంత తేలిగ్గా! పేరు సంగతి ఇంకా తమాషా. సుల్లా రోమన్ సేనాపతి, మగవాడు. మారియస్ కూడా అంతే. మారియస్, సుల్లా అంటే ప్రేమజంట అనుకుని ఫ్యాక్టరీవాళ్లు ఆ పేర్లు పెట్టేశారు. చెక్ మూలంలో పాత్రల పట్టికలోనే మారియస్ ‘రోబోట్’, సుల్లా ‘రోబోట్కా’, అంటే ఆడ రోబో.

వీటికి ఆడా మగా అన్న ధ్యాసే లేనప్పుడు ఆడ రోబోలెందుకని హెలెనా అడుగుతుంది. డోమిన్ తడుముకోడు. గిరాకీ ఉంది, పనిమనుషులుగా, షాపుల్లో అమ్మేవాళ్లుగా, టైపిస్టులుగా జనానికి ఆడవాళ్లే అలవాటు అంటాడు. రోబోకి లింగం ఒంట్లోంచి రాలేదు, ఉద్యోగంలోంచి వచ్చింది.

2011లో ఆపిల్ ఫోన్లో మాట్లాడే సహాయకురాలు సిరి కూడా ఇలాగే వచ్చింది. అమెరికాలో ఆడగొంతు, బ్రిటన్‌లో మగగొంతు, లోపల సరుకు ఒకటే. గొంతు మీరే ఎంచుకోండని ఆపిల్ ఇంగ్లిష్ వాడేవాళ్లకు చెప్పడానికి 2021 దాకా పట్టింది. పని ఆడవాళ్లది అనిపించకపోతే మాత్రం మొదటి నుంచీ అలవాటుగా మగే. 1977 ‘స్టార్ వార్స్’లో ఆర్2-డి2 చెత్తడబ్బాలా ఉంటుంది, కూతలు తప్ప మాట రాదు. అయినా అందరికీ అది ‘అతను’.

నటుడన్నాక ఏదో ఒక ఒళ్లు ఉండాలి కదా అన్నది సిరీస్‌ను సమర్థించేవాళ్ల మాట. నిజమే, కానీ ఆ ఏదో ఒకటి ఎప్పుడూ ఇదే ఎందుకవుతుందో వాళ్లు చెప్పరు. వెల్స్ నవలలోనే దీనికి జవాబుంది. సెక్యూరిటీ యంత్రాలకు ఆ అవయవాలు ఉండవు, వేశ్యాగృహాల కోసం చేసినవాటికే ఉంటాయి. డోమిన్ లెక్కే!

తెలుగులో ఈ తలనొప్పి తిరగబడుతుంది. ‘వచ్చింది’ అంటే ఆమెకీ చెల్లుతుంది, యంత్రానికీ చెల్లుతుంది. ‘వచ్చాడు’ ఒక్కటే మగవాడికి విడిగా కట్టిపెట్టిన మాట. 2010లో చిట్టి రజనీకాంత్ ముఖంతో దిగాడు కాబట్టి పిల్లలు సైతం ‘వాడు’ అనేశారు. స్కార్స్‌గార్డ్ ముఖం చూస్తూ ‘వచ్చింది’ అని డబ్బింగ్ రాయమంటే ఎంతమందికి చెయ్యి ఆడుతుందో!