మూతబడిన ఊరి బీర్‌హౌస్: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్ పల్లెల్లో మూతబడిన పబ్బుల చరిత్ర వెతికి పెట్టడం నా పని. ఒకప్పటి బీర్‌హౌస్‌ని, అంటే బీరు అమ్మే చిన్న పబ్బుని, ఇల్లుగా కొనుక్కున్నవాళ్ళు "ఇక్కడ ఎవరెవరు బతికారో తెలుసుకోవాలి" అని వస్తారు. వాళ్ళ దగ్గర తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: బీర్‌హౌస్ అంటే మన బెల్టు షాపు లాంటిదే, చాటుగా అమ్మేది.

వాస్తవం: కాదు, పూర్తిగా చట్టబద్ధం. 1830 బీర్ చట్టం వచ్చాక, ఇంటికి స్థానిక పన్ను కట్టే మనిషి ఎక్సైజ్ వాళ్ళకి రెండు గినీలు, అంటే 2 పౌండ్ల 2 షిల్లింగులు, కడితే తన ఇంటి ముందు గదిలోనే బీరు అమ్ముకోవచ్చు. మామూలు పబ్బుల్లా లైసెన్సు కోసం మెజిస్ట్రేట్ల దగ్గరికి వెళ్ళాల్సిన పని లేదు. జిన్, బ్రాందీ లాంటివి మాత్రం అమ్మకూడదు. జనాన్ని జిన్ నుంచి బీరు వైపు మళ్ళించాలని, పబ్బుల మీద పెద్ద బ్రూవరీల పెత్తనం తగ్గించాలని ప్రభుత్వం అనుకుంది. ఆరు నెలల్లోనే దాదాపు 24 వేల బీర్‌హౌస్‌లు వెలిశాయి. అన్ని వచ్చేసరికి పగ్గాలు వేయక తప్పలేదు. 1834 నుంచి పల్లెల్లో అక్కడే కూర్చోబెట్టి తాగించాలంటే, ఊళ్ళో పన్ను కట్టే ఆరుగురు "ఈయన మంచివాడు" అని సంతకం పెట్టాలి.

అపోహ: పబ్బు పేరుతో వెతికితే అన్నీ దొరుకుతాయి.

వాస్తవం: అందరికీ ఎక్కువ టైమ్ వృథా అయ్యేది ఇక్కడే. నేను కూడా మొదట్లో పేరు పట్టుకుని వెతికి చాలా రోజులు పోగొట్టుకున్నాను. చాలా బీర్‌హౌస్‌లకు మొదట బోర్డు మీద పేరే ఉండేది కాదు. ఊరివారీగా వ్యాపారుల పేర్లు అచ్చేసిన కెల్లీస్ లాంటి పాత డైరెక్టరీల్లో మనిషి పేరు, పక్కన "బీర్ రిటైలర్" అనే రెండు మాటలు, అంతే. ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే గీసిన పెద్ద మ్యాపుల్లో ఇంటి పక్కన బి.హెచ్. (బీర్ హౌస్) అనే పొడి అక్షరాలు కనిపిస్తాయి. అందుకే మనిషి పేరు పట్టుకోవాలి. పదేళ్ళకోసారి వచ్చే జనాభా లెక్కల్లో ఆ మనిషి ఏ ఇంట్లో ఉన్నాడు, పక్కింట్లో ఎవరున్నారు అని చూసుకుంటూ పోతే ఇల్లు తనంతట తనే తేలుతుంది.

అపోహ: లైసెన్సుదారే ఇంటి యజమాని, బీరు అమ్మడమే ఆయన వృత్తి.

వాస్తవం: పల్లెలో బీరు మీదే బతకడం కష్టం. కమ్మరి, వడ్రంగి, చిన్న రైతు పగలంతా తన పని చేసుకుంటే, బీరు పోసేది భార్య. లైసెన్సు మాత్రం భర్త పేరు మీదే ఉంటుంది. ఆయన పోయాక ఆమె పేరుకి మారినప్పుడు గానీ రికార్డులో ఆమె కనిపించదు. అప్పటికి ఆమె ఆ గదిలో ఎన్నేళ్ళు చాకిరీ చేసి ఉంటుందో! అందుకే లైసెన్సుదారుల జాబితా రాసేటప్పుడు భార్యల పేర్లు కూడా పక్కన తప్పకుండా రాస్తాను. ఇక ఇల్లు చాలాసార్లు వేరే యజమానిది, తర్వాతి కాలంలో బ్రూవరీది.

అపోహ: మెజిస్ట్రేట్ల రికార్డుల్లో లేదంటే అప్పుడు అక్కడ బీర్‌హౌస్ లేనట్టే.

వాస్తవం: 1830 నుంచి 1869 వరకు లైసెన్సు ఇచ్చింది ఎక్సైజ్. ఆ కాగితాలు మిగిలినవి చాలా తక్కువ. 1869 చట్టంతో బీర్‌హౌస్‌లు కూడా మెజిస్ట్రేట్ల కిందికి వచ్చాయి. అప్పటికే నడుస్తున్నవాటికి మాత్రం రక్షణ ఉండేది: నడత బాగాలేకపోవడం, గొడవలు లాంటి నాలుగు కారణాలకే లైసెన్సు ఆపగలిగేవారు. 1872 తర్వాతి మెజిస్ట్రేట్ల లైసెన్సు రిజిస్టర్లు దొరికితే పండగే. ఎవరి నుంచి ఎవరికి లైసెన్సు మారిందో వరుసగా ఉంటుంది.

అపోహ: మూయించారంటే అక్కడ ఏదో తప్పు జరిగి ఉంటుంది.

వాస్తవం: ఈ మాటతో ఎన్నో కుటుంబాలకు అనవసరంగా చెడ్డపేరు వచ్చింది. 1904 లైసెన్సింగ్ చట్టం కింద, ఊరికి ఇన్ని అక్కర్లేదు అన్న కారణంతోనే ఎన్నో బీర్‌హౌస్‌లు మూసేశారు. తప్పేమీ లేదు కాబట్టే నష్టపరిహారం ఇచ్చారు. మిగతా పబ్బుల దగ్గర వసూలు చేసిన సొమ్ముతో అది చెల్లించేవారు. అందులో ఎక్కువ భాగం ఇంటి యజమానికే పోయేది. జిల్లా రికార్డు ఆఫీసులో ఆ ఫైలు మిగిలి ఉంటే, చివరి లైసెన్సుదారు చేతికి ఎంత వచ్చిందో కూడా చూడొచ్చు. మీ ఇల్లు 1904 తర్వాత మూతబడిందైతే ముందు ఆ ఫైలే అడగండి.