మా బండి రాగానే పిల్లలు ఎందుకు దాక్కుంటారు? సర్కారు బడి ఆరోగ్యం మీద అపోహలు - వాస్తవాలు

మా బండి గేటు దాటి లోపలికి రాగానే రెండో తరగతిలో సగం మంది మాయం. ఒకసారి వాటర్ ట్యాంకు వెనకాల ఆరుగురు దొరికారు, ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు పాపం. "సూది మేడం వచ్చింది" అని ఎవడో అన్నాడంట, అంతే.

నేను ఆర్‌బీఎస్‌కే టీమ్‌లో డాక్టర్ని. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అన్నమాట, 2013 లో మొదలైంది, పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని చూడటం మా డ్యూటీ. అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకి ఒకసారి వెళ్ళాలి. టీమ్ అంటే ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు, ఒక ఏఎన్ఎం. నా బ్యాగులో సూది ఉండదు. పదేళ్ళకి, పదహారేళ్ళకి ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసే టీడీ టీకా కథ వేరు, దానికి వేరే రోజు ఉంటుంది. పిల్లల భయం ఒక బిస్కెట్‌తో పోతుంది గానీ పెద్దవాళ్ళ అపోహలు అంత తేలిగ్గా పోవు, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: వీళ్ళు ఎత్తు, బరువు చూసి రాసుకుని పోతారు, దాంతో ఒరిగేదేం లేదు

వాస్తవం: ఈ మాట మొహం మీదే అన్నవాళ్ళు ఉన్నారు, ఒక హెడ్‌మాస్టర్ గారైతే "మీరు ఆయుర్వేదం కదా మేడం, స్టెతస్కోపు ఎందుకు" అన్నారు కూడా. మా పని వైద్యం చేసి పంపేయడం కాదు, పట్టుకోవడం. పుట్టుకతో వచ్చిన లోపాలు, రక్తం తక్కువ లాంటి పోషకాహార లోపాలు, చిన్నపిల్లల జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగూ వెతుకుతాం. దొరికితే చీటీ రాసి పీహెచ్‌సీకో, జిల్లాలో ఇలాంటి పిల్లల కోసమే ఉండే డీఈఐసీ సెంటర్‌కో పంపిస్తాం, అక్కడ్నుంచి ఆపరేషన్ దాకా ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంటుంది.

అసలు చిక్కంతా ఆ చీటీ దగ్గరే ఉంది. నాలుగో తరగతి పిల్లాడొకడు, సన్నగా ఉంటాడు, ఆటల పీరియడ్‌లో అందరూ ఉరుకుతుంటే వీడు చెట్టు కింద కూర్చుని చెప్పులకి కాపలా. ఛాతీ మీద స్టెత్ పెడితే లబ్ డబ్ మధ్యలో బుస్సుమని గాలి కొట్టినట్టు చప్పుడు. చీటీ రాశా, క్లాస్ టీచర్‌కి చెప్పా, వాడి చేతిలో పెట్టా. మరుసటి ఏడాది వెళ్తే అదే చెట్టు, అదే పిల్లాడు, అదే చప్పుడు. చీటీ ఏదిరా అంటే లెక్కల నోట్‌బుక్ తీశాడు, అట్ట చిరిగితే లోపల్నుంచి దాన్నే అతికించుకున్నాడు, నా సంతకం తిరగేసి కనిపిస్తోంది. ఆ రోజు సాయంత్రం బండి వాళ్ళ ఇంటి ముందు ఆపించా. వాళ్ళ నాన్న "ఆడుకుంటనే ఉంటడు కదా డాక్టరమ్మా, గుండె జబ్బేంది" అన్నాడు. ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగున్నాడు, కానీ ఆ ఏడాది ఆలస్యం మాత్రం మా అందరిదీ, నాతో సహా. అప్పట్నుంచి చీటీ పిల్లల చేతికి ఇవ్వను, ఇంట్లో పెద్దవాళ్ళకి ఫోన్ చేసి చెప్తా.

కంటి చూపు దగ్గర ఇంకో తమాషా. లైన్‌లో నిలబడ్డ పిల్లలు ముందువాడు చదివిన అక్షరాలు కంఠస్థం చేసేస్తారు, చార్టు వైపు చూడకుండానే గడగడా ఒప్పజెప్తారు. అందుకే నేను ఇంగ్లీషు E అక్షరం గుర్తుల చార్టు వాడతా, మధ్యమధ్యలో తలకిందులు చేస్తా. ముందు బెంచీలో కూర్చుని కూడా పక్కవాడి నోట్స్ చూసి రాసుకునే పిల్లాడిని కాపీ కొడుతున్నాడని కొట్టకండి సార్, ఫస్ట్ కళ్ళు చూపించండి.

అపోహ: పొద్దున్నే జ్వరం గోలీ వేసి పంపిస్తే సాయంత్రం దాకా ఆగుతుంది

వాస్తవం: ఆగుతుంది, నాలుగైదు గంటలు. మధ్యాహ్నం భోజనం టైముకి పిల్లాడు హెడ్‌మాస్టర్ రూమ్‌లో బెంచీ మీద ముడుచుకుని పడుకుని ఉంటాడు, ఈలోపు పక్కన కూర్చున్న నలుగురికీ తగిలించేసి ఉంటాడు. గోలీ వేయకుండానే 24 గంటలు జ్వరం లేకపోతే అప్పుడు పంపాలి. ఇది రాయడం తేలికే, పత్తి ఏరే రోజుల్లో తల్లి ఒకరోజు ఇంట్లో ఉంటే కూలి పోతుందని నాకూ తెలుసు, బడికి పోతే కనీసం ఒక పూట అన్నం తింటాడు అన్న లెక్కా తెలుసు. అందుకే తిట్టను. కానీ టీచర్లకి ఒక మాట, హాజరు కోసం జ్వరంతో ఉన్న పిల్లల్ని పిలిపించకండి.

నేను తిరిగిన చోట్ల గమనించింది ఏంటంటే, మానిపించాల్సిన జబ్బుకి పంపిస్తారు, పంపించాల్సిన దానికి మానిపిస్తారు. ఆటలమ్మ పోస్తే చివరి పొక్కు కూడా ఎండి పెచ్చు కట్టేదాకా ఇంట్లో ఉండాలి, మామూలుగా ఐదారు రోజులు పడుతుంది, వేపాకు నీళ్ళు పోసుకోండి దానికి నేనేం అడ్డు చెప్పను గానీ పచ్చి పొక్కులతో పరీక్షకి పంపొద్దు. పొక్కులు కనపడక ముందు ఒకటి రెండు రోజుల నుంచే అంటుకుంటుంది కాబట్టి క్లాసులో ఒకరికి వస్తే మిగతావాళ్ళ మీద మూడు వారాలు కన్నేసి ఉంచాలి. గవదబిళ్ళలకి వాపు మొదలయ్యాక ఐదు రోజులు, తట్టుకి దద్దుర్లు వచ్చాక నాలుగు రోజులు. గజ్జికి మందు రాసుకుని మర్నాడు రావచ్చు, కానీ ఇంట్లో అందరూ ఒకేసారి రాసుకోవాలి, లేకపోతే అది చుట్టూ తిరిగి మళ్ళీ వస్తుంది.

అపోహ: కళ్ళకలక వచ్చినవాళ్ళ కళ్ళల్లోకి చూస్తే మనకీ వస్తుంది

వాస్తవం: రాదు. 2023 జులై వానల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కళ్ళకలక బాగా వ్యాపించినప్పుడు ఒక బడిలో పిల్లలంతా తలలు వంచుకుని మాట్లాడుకుంటున్నారు, చేతులు మాత్రం ఒకరి భుజం మీద ఒకరివి! అంటించేది చూపు కాదు, చెయ్యి, తువ్వాలు, కర్చీఫు. నల్లద్దాలు వెలుతురు గుచ్చుకోకుండా ఉండటానికే. ఒకే చుక్కల మందు సీసా ఇంటిల్లిపాదీ వాడితే మందుతో పాటు జబ్బూ పంచుకున్నట్టే.

అపోహ: నట్టల గోలీ, నీలం గోలీ వేసుకుంటే ఆడపిల్లలకి పిల్లలు పుట్టరు

వాస్తవం: ఈ పుకారు ఏ వాట్సాప్ గ్రూపులో పుట్టిందో గానీ చావట్లేదు. నట్టలు, నులిపురుగులు, ఎట్లా పిలిచినా అదే, వాటికి ఇచ్చేది ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, ఫిబ్రవరి 10, ఆగస్టు 10 డీవార్మింగ్ డే, 2015 నుంచి నడుస్తోంది. "మా పాపకి పురుగుల్లేవు" అంటారు, ఉన్నాయో లేదో బయటికి కనపడదు కదా, అందుకే అందరికీ ఇస్తాం. నమిలి మింగాలి. కడుపులో పురుగులు ఎక్కువున్న పిల్లలకి కాసేపు వికారం, కడుపునొప్పి రావచ్చు, కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. ఒకరు కక్కుకుంటే చూసి ఇంకో పదిమంది కక్కుకుంటారు, టీవీ వాళ్ళు వచ్చేస్తారు, మా ప్రాణాలు పోతాయి. ఆ రోజు ఒంట్లో బాగోకపోతే గోలీ వెయ్యం, తర్వాత పెట్టే రోజు వేస్తాం.

ఇక నీలం గోలీ సంగతి. వారానికొకసారి ఇచ్చేది రక్తం పట్టడానికి వేసే ఐరన్ ఫోలిక్ యాసిడ్, ఐదు నుంచి పదేళ్ళలోపు వాళ్ళకి గులాబీ రంగు, పదేళ్ళు దాటితే నీలం రంగు. దేశంలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో దాదాపు 59 శాతం మందికి రక్తం తక్కువని ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 అనే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వచ్చింది. "ఒళ్ళు వేడి చేస్తుంది" అని తల్లులు వద్దంటారు, దొడ్డికి నల్లగా వస్తే భయపడతారు. నల్లగా రావడం మామూలే, ఐరన్ రంగు అది. ఖాళీ కడుపున వద్దు, వేసుకున్న వెంటనే టీ వద్దు. ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతి కిటికీ కింద మట్టిలో నీలం గోలీలు పోగుపడి ఉన్నాయి, వానకి రంగు కారి గోడ అంచు కూడా నీలంగా అయింది. రికార్డులో మాత్రం నూటికి నూరు శాతం! ఇప్పుడు ఆ బడిలో సైన్స్ టీచర్ ముందు తను వేసుకుని తర్వాత పిల్లలకి ఇస్తున్నారు.

అపోహ: ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టాలి

వాస్తవం: తాళాలు, ఉల్లిపాయ, నోట్లో చెంచా, ఏదీ వద్దు. చుట్టూ రాళ్ళు, బెంచీలు జరిపి, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి టైము చూడండి, ఐదు నిమిషాలు దాటితే 108. ఫిట్స్ ఉన్న పిల్లల్ని బడి మానిపించక్కర్లేదు, ఎంగిలితో అంటుకునే జబ్బు కాదది.

అపోహ: పేలు పోయేదాకా బడికి రావద్దు

వాస్తవం: ఆరో తరగతి పాప తొమ్మిది రోజుల నుంచి రావట్లేదంటే ఏమైందో అని ఫోన్ చేస్తే వాళ్ళ అమ్మ ఏడుస్తోంది, టీచరమ్మ రావద్దంది, సిగ్గుపోయింది, ఇంట్లో కిరసనాయిలు పెట్టాం, మాడంతా మండుతోందంట. కిరసనాయిలు చర్మాన్ని కాలుస్తుంది, పొయ్యి దగ్గరికి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది, దయచేసి వద్దు. పర్మెత్రిన్ లోషన్ ఒకసారి, వారం పది రోజుల తర్వాత ఇంకోసారి, మధ్యలో తడి జుట్టుకి పేల దువ్వెన. పేలు ఎగరవు, దూకవు, తలకి తల ఆనితేనే ఎక్కుతాయి, శుభ్రంగా ఉండేవాళ్ళకీ ఎక్కుతాయి. బడి మానాల్సిన పనే లేదు. ఆ పాప వచ్చిన రోజు క్లాసు మొత్తం తలలు చూశా, ఇంకో పదకొండు మందికి ఉన్నాయి, వాళ్ళంతా రోజూ బడికి వస్తూనే ఉన్నారు. ఆ రాత్రి ఇంటికెళ్ళి అమ్మ ముందు కూర్చుని నా తల కూడా చూపించుకున్నా.