జబ్బు పేరు ఆఫీసుకు ఎందుకు? అపోహలు - వాస్తవాలు

కంపెనీల సిబ్బందికి ఆరోగ్య పరీక్షలు చేసే డాక్టరుగా నాకు తరచూ ఒక ఫోను వస్తుంది. "అతనికి అసలు జబ్బేమిటండీ?" అని మేనేజరు అడుగుతారు. నేను చెప్పను.

అపోహ: పరీక్షలకు డబ్బు కట్టింది కంపెనీ, కాబట్టి రిపోర్టులు కంపెనీవే.

వాస్తవం: డబ్బు ఎవరు కట్టినా నా ముందు కూర్చున్నది రోగి. వైద్యం చేస్తూ తెలుసుకున్న రహస్యాన్ని డాక్టరు బయటపెట్టకూడదని వైద్య మండలి 2002 నియమావళి చెబుతోంది. కోర్టు ఆదేశం, ఒకరి ప్రాణానికో సమాజానికో తీవ్రమైన ముప్పు, ప్రభుత్వానికి తప్పక తెలపవలసిన వ్యాధులు మినహాయింపులు. మేనేజరు కుతూహలం వాటిలో లేదు.

కంపెనీకి నేను పంపే కాగితంలో రెండే వాక్యాలుంటాయి: "పనికి అర్హుడు. ఆరు వారాల పాటు పది కిలోలకు మించిన బరువులు ఎత్తరాదు." డిస్కు జారిందా, హెర్నియా ఆపరేషన్ జరిగిందా అన్నది అందులో ఉండదు. పని పంచే సూపర్‌వైజరుకు అంతకన్నా అక్కరలేదు కదా!

ఒక కార్యాలయంలో సిబ్బంది రిపోర్టులను హాజరు పట్టిక పక్కనే కుప్పగా పెట్టారు. సంతకానికి వచ్చిన ప్రతి ఒక్కరూ పైనున్న కాగితంలోని షుగరు అంకె చదివి వెళ్తున్నారు. ఆ కాగితం తాలూకు అమ్మాయి కూడా ఆ వరుసలోనే నిలబడి ఉంది. అప్పటి నుంచి నేను రిపోర్టులను అంటించిన కవర్లలో పెట్టి, ఎవరిది వారి చేతికే ఇస్తున్నాను.

అపోహ: ఉద్యోగంలో చేర్చుకునే ముందు హెచ్‌ఐవీ పరీక్ష అడగవచ్చు.

వాస్తవం: అడగకూడదు. ఉద్యోగానికి ఆ పరీక్షను షరతుగా పెట్టడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధించింది. అది 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది.

అపోహ: సానుభూతితో నలుగురికీ చెబితే తప్పులేదు.

వాస్తవం: "ఆయనకు కీమో జరుగుతోంది, ప్రార్థించండి" అని ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టేవారి మనసు మంచిదే. కానీ ఆయనను అడిగారా? వైద్య రికార్డులను సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా 2011 నాటి ఐటీ (సమాచార సాంకేతిక) నియమాలే గుర్తించాయి.

అపోహ: గోప్యత హక్కు ఉంది కాబట్టి ఉద్యోగి ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. మూర్ఛ వచ్చే మనిషి దాన్ని దాచి క్రేను ఎక్కితే అతనికీ, కింద ఉన్నవారికీ ప్రమాదం. దయచేసి డాక్టరుకు మాత్రం చెప్పండి. "ఎత్తులో, తిరిగే యంత్రాల దగ్గర పని వద్దు" అని రాసిస్తాను. మూర్ఛ అన్న మాట ఆ కాగితంలో కనిపించదు.